తాడు పట్టిన చేతులు: భువనగిరి కోట మీద ఒక పగలు

హైదరాబాదు నుండి వరంగల్లు దారిలో దాదాపు 50 కిలోమీటర్లు ప్రయాణించేసరికి, పొలాల నడుమ నుండి ఒక మహాశిల లేచి నిలబడి కనిపిస్తుంది. కొండ అనగానే మన మనసులో మెదిలే చెట్లూ, చరియలూ, శిఖరాలూ దానికి లేవు. నేల మీద నిలబెట్టిన గుడ్డు వలె నున్నగా, ఒకే రాయిగా, 500 అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఏకశిల అది. రైలులో కాజీపేట వైపు వెళ్ళేవారు కూడా కిటికీలో నుండి దానిని చూసే ఉంటారు. అదే భువనగిరి.

1076 నుండి 1126 వరకు పాలించిన కళ్యాణి చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని బిరుదు మీదుగా ఈ శిలకు త్రిభువనగిరి అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆ పేరు వాడుకలో భువనగిరి అయింది. ఉర్దూ మాట్లాడేవారి నోట భోంగీర్ అయింది. కాకతీయులు ఈ కోటను ఏలారు. కుతుబ్ షాహీలు తమ వంతు కట్టడాలు చేర్చారు. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సర్వాయి పాపన్న దీని మీదికి దండెత్తి వచ్చాడు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ పట్టణం యాదాద్రి భువనగిరి జిల్లాకు కేంద్రమైంది.

రాజుల కోటగా దీని కథ ఎన్నడో ముగిసింది. అయితే మన కాలంలో ఈ రాయి మరో పనికి వచ్చింది. 2013లో ఇక్కడ శిలారోహణ నేర్పే బడి మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల నుండి వచ్చిన పిల్లలు శిక్షకుడు బచినేపల్లి శేఖర్ బాబు పర్యవేక్షణలో ఈ రాతి మీదనే తొలి అడుగులు వేశారు. వడపోతల అనంతరం ఎంపికైనవారు డార్జిలింగులోనూ, లడఖ్ చలిలోనూ తర్ఫీదు పొందారు. చివరకు 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. పూర్ణ వయస్సు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. వ్యవసాయ కూలీల బిడ్డ ఆమె.

ఈ వృత్తాంతాన్ని నేను మా మదర్సాలో పెద్ద తరగతుల విద్యార్థులకు చెప్పినప్పుడు ఒక బాలుడు అడిగాడు: "హజ్రత్, ఆ రాయిని మేము కూడా ఎక్కవచ్చునా?" ఆ ప్రశ్నే మా ప్రయాణానికి కారణమైంది.

విద్యార్థులు సంతోషించారు గాని, తల్లిదండ్రులను ఒప్పించడం కొండ ఎక్కడం కంటె కష్టమైంది. ఒకరు, "మౌలానా, ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లవాడు రాళ్ళు ఎక్కి ఏమి సాధిస్తాడు?" అన్నారు. మరొకరు, "ఒక రోజు పాఠం పోతే వారం రోజుల పాఠం వెనుకబడుతుంది" అన్నారు. ఒక తల్లి మాత్రం కబురు పంపింది: "నాకు వీడొక్కడే హజ్రత్. మీరు చూసుకుంటానంటే పంపుతాను." మొదటి రెండు మాటలకు నా వద్ద జవాబులు ఉన్నాయి. మూడవ మాటకు జవాబు లేదు. బాధ్యత మాత్రమే ఉన్నది. కాబట్టి ముందుగా వెళ్ళి దారి చూసి వచ్చాము. వర్షాకాలంలో ఆ రాయి జారుతుందని శీతాకాలం వరకు ఆగాము. తాళ్ళ మీద తర్ఫీదు ఇచ్చే ఇద్దరు శిక్షకులను మాట్లాడుకున్నాము. ప్రతి ఇంటి నుండి వ్రాతపూర్వకమైన అనుమతి తీసుకున్నాము. ఒక గురువారం ఫజ్ర్ నమాజు తరువాత 14 నుండి 17 సంవత్సరాల వయస్సు గల 22 మంది విద్యార్థులతో, ముగ్గురు ఉపాధ్యాయులం బయలుదేరాము.

బయలుదేరే ముందే ప్రతి విద్యార్థికీ ఒక పని అప్పగించాము. ఒకడు మందుల పెట్టె మోయాలి. ఇద్దరు రొట్టెల మూటకు బాధ్యులు. ఒకడు గడియారం చూసి నమాజు వేళ చెప్పాలి. ఒకడు ప్రతి మలుపు వద్ద తలలు లెక్కించాలి. అన్నిటికంటె కష్టమైన పని వరుసలో చివర నడవడం. చివర నడిచేవాని వెనుక ఎవరూ ఉండకూడదు. ఎవరు కూలబడితే వారి వద్ద అతడూ ఆగిపోవాలి.

ఆ చివరి స్థానాన్ని తరగతిలో అందరికంటె ముందుండే విద్యార్థికి ఇచ్చాను. ఇరవై పారాలు కంఠస్థం చేసినవాడు, చురుకైనవాడు. నెమ్మదిగా చదివేవారిని చూస్తే అతనికి విసుగు. కోట మెట్లు సగం ఎక్కేసరికి ఒక లావుపాటి బాలుడు ఆయాసంతో కూర్చుండిపోయాడు. మిగిలిన వరుస ముందుకు సాగిపోయింది. నేను కొంచెం పైన నిలబడి చూస్తున్నాను. చివరివాడు మొదట కొంతసేపు ఆకాశం వైపు చూశాడు. ఆ తరువాత ఆ బాలుని చేతిలోని సంచిని తన భుజానికి తగిలించుకున్నాడు. "పది మెట్లు ఎక్కుదాం, ఆగుదాం. మళ్ళీ పది" అన్నాడు. పదేసి మెట్ల చొప్పున లెక్కపెట్టుకుంటూ వారిద్దరూ అందరికంటె నలభై నిమిషాలు ఆలస్యంగా పైకి చేరారు. అతడు ముందు నడిచి ఉంటే అందరికంటె ముందు చేరేవాడు. కాని ఆ రోజు అతనికి కొత్తగా అబ్బేది ఏమీ ఉండేది కాదు.

రాతి మీద ఒకచోట శిక్షకులు తాళ్ళు కట్టారు. ఈ విద్య తెలియనివారికి దాని పద్ధతి చెప్పాలి. ఎక్కేవాడు హార్నెస్ అనే పట్టీని నడుముకూ తొడలకూ బిగించుకుంటాడు. దానికి కట్టిన తాడు పైకి వెళ్ళి, అక్కడ రాతికి బిగించిన ఇనుప కొక్కెం గుండా మళ్ళీ క్రిందికి వస్తుంది. ఆ రెండవ కొస క్రింద నిలబడినవాని చేతిలో ఉంటుంది. ఎక్కేవాడు ఒక అడుగు పైకి వేసిన కొద్దీ క్రిందివాడు తాడును లాగి బిగిస్తుంటాడు. పైవాని కాలు జారితే, క్రిందివాడు తాడును పట్టి ఆపుతాడు. దీనిని బిలే అంటారు. చూసేవారి కళ్ళన్నీ ఎక్కేవాని మీదనే ఉంటాయి. క్రిందివాడు మాత్రం అతడు దిగే వరకు మరో వైపు చూడరాదు, మాట్లాడరాదు, తాడును వదలరాదు.

మా విద్యార్థులలో ఒక లారీ డ్రైవరు కొడుకు ఉన్నాడు. పాఠం అప్పజెప్పమంటే తల దించుకుని నిలబడేవాడు. నిన్న వచ్చింది ఈ రోజు మరిచిపోయేవాడు. కాని తండ్రితో పాటు లారీ మీద సరుకుకు తాళ్ళు బిగించిన అనుభవం అతనికి ఉన్నది. శిక్షకుడు ఒకసారి ముడి వేసి చూపగానే రెండవసారి అతడే వేశాడు. మూడవసారి తోటివారికి నేర్పాడు. "తాడు నీవు పట్టు" అని శిక్షకుడు అతనిని నిలబెట్టాడు.

అప్పుడు విద్యార్థులు నన్ను చుట్టుముట్టారు: "హజ్రత్, మీరూ ఎక్కాలి!" యాభై దాటిన శరీరం, కుర్తా పైజామా, దానిపై నడుముకు పట్టీ, తలకు ప్లాస్టిక్ టోపీ! పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. ఇరవై అడుగులు ఎక్కేసరికి నా కాలు పట్టు తప్పింది. ఆ క్షణంలో నేను వ్రేలాడింది ఆ బాలుని చేతుల మీద. తాడు అంగుళం కూడా జారలేదు. అతని వెనుక శిక్షకుడు మరో కొస పట్టుకుని ఉన్న మాట నిజమే గాని, ఆ విషయం అప్పుడు నాకు గానీ అతనికి గానీ గుర్తు లేదు. క్రింద నుండి అతని గొంతు వినిపించింది: "భయపడకండి హజ్రత్, నేను పట్టుకున్నాను." మూడు సంవత్సరాలుగా నా ఎదుట పెదవి విప్పడానికి వణికిన బాలుడు అతడు.

నాకు హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) జ్ఞాపకం వచ్చారు. దైవప్రవక్త (సఅసం) తమ చివరి దినాలలో ఆయనను సైన్యాధిపతిగా నియమించినప్పుడు ఆయన ఇరవై ఏళ్ళైనా నిండని యువకుడు. ఆ సైన్యంలో పెద్ద పెద్ద సహాబాలు ఉన్నారు. కొందరు ఆ చిన్న వయస్సును ఆక్షేపించినా మహాప్రవక్త (సఅసం) తమ నిర్ణయాన్ని మార్చుకోలేదు. తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయి ఆ సైన్యాన్ని సాగనంపినప్పుడు, ఉసామా గుర్రం మీద ఉండగా తాము ప్రక్కన కాలినడకన నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి)ను మదీనాలో తమ సహాయానికి ఉంచుకోదలచి, అందుకు ఆ యువకుని అనుమతి అడిగారు. ఈ ఘట్టాన్ని ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఒక పెద్దవాడు చిన్నవాని చేతిలో తన బరువు పెట్టడం అంటే ఏమిటో ఆ తాడు మీద వ్రేలాడినప్పుడు మరింత బాగా అర్థమైంది.

కోట పైభాగాన బాలాహిసార్ శిథిలాలు ఉన్నాయి. రాతిలో తొలిచిన నీటి గుంటలు ఉన్నాయి. పైకి చేరేసరికి చెమట ఆరిపోయేంత గాలి. క్రింద పట్టణపు ఇండ్లు, వాటి నడుమ మసీదుల మీనార్లు, చెరువులు, రైలు పట్టాలు, దూరాన పొలాల చతురస్రాలు. గడియారం చూసే విద్యార్థి జుహర్ వేళ అయిందని ప్రకటించాడు. గుంటలలోని నీరు వాడదగినది కాదు. వజూకు ఎవరి సీసా వారిదే. అదే సీసాలో త్రాగేందుకు కూడా మిగలాలి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని మా విద్యార్థులందరికీ కంఠోపాఠమే. ముద్ అంటే ఒక మనిషి రెండు అరచేతులూ కలిపి నింపినంత కొలత. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారు కూడా మదర్సా కొళాయి క్రింద బకెట్ల కొద్దీ పారబోస్తారు. ఆ రోజు ఒక్క చుక్క నేల మీద పడకుండా 22 మంది వజూ చేశారు. కొళాయి వద్ద నేను ఎన్నిసార్లు చెప్పినా ఫలించని మాటను చేతిలోని సగం సీసా నీరు నెరవేర్చింది.

దిగేటప్పుడు సేవ మొదలైంది. మేము ఆరు గోనె సంచులు వెంట తెచ్చుకున్నాము. మెట్ల ప్రక్కన ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు, గుట్కా పొట్లాలు, తెగిన చెప్పులు. మొదటి సంచి నిండేవరకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. రెండవ సంచి నుండి పోటీ మొదలైంది. దారిలో నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని మనకు తెలుసు. దానికి చేతి తొడుగులు కావాలనీ, పగిలిన గాజును వేరే డబ్బాలో వేయాలనీ, నిండిన సంచిని ఇద్దరు మోయాలనీ ఆ రోజు తెలిసింది.

ఒకచోట గోడ రాళ్ళ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో కూడా. ఒక విద్యార్థి ఉర్దూ పేరు చదివి సిగ్గుతో నా వైపు చూశాడు. "మనవాళ్ళు కూడా ఉన్నారు హజ్రత్" అన్నాడు. చెక్కిన గీతను ఏ సంచీలోనూ వేయలేము. పూర్వికుల కట్టడాల గురించి సభలలో గర్వంగా ప్రసంగించే మనం, ఆ రాళ్ళకు ఏమి చేస్తున్నామో పిల్లలు కళ్ళారా చూశారు. నేను అక్కడ ఉపన్యాసం ఇవ్వలేదు. అవసరం కనబడలేదు.

కోట పాదాల వద్ద జామపండ్లు అమ్మే ఒక వృద్ధురాలు సంచులను చూసి అడిగింది: "ఎవలు పంపిన్రు బిడ్డా మిమ్ముల?" ఎవరూ పంపలేదని, తామే వచ్చామని పిల్లలు చెప్పారు. ఆమె నమ్మలేదు; అయినా రెండు పండ్లు ఎక్కువ వేసింది. అప్పుడే ఒక విద్యార్థి అడిగాడు: "రేపు మళ్ళీ నిండిపోతుంది కదా హజ్రత్, ఏమి లాభం?" సంచి మోసినవాడే ఆ ప్రశ్న అడగగలడు. "నీవు ఇక మీద ఎక్కడైనా సీసా విసరగలవా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "చేయి రాదు హజ్రత్" అన్నాడు.

ప్రియ పాఠకులారా! ఆరుబయట శిక్షణ, సేవా శిబిరాల వలన పిల్లలు ఎదుగుతారని లోకం ఎన్నో ఏళ్ళుగా అనుభవం మీద తెలుసుకున్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ వర్తక నౌకలను ముంచివేస్తుండగా, రక్షణ పడవలలో వయస్సు మళ్ళిన నావికులు నిలద్రొక్కుకుంటున్నారనీ, బలిష్ఠులైన యువకులు ముందే ఆశ వదులుకుంటున్నారనీ నౌకా యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడు. హిట్లరును ఎదిరించి జర్మనీ విడిచి వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలసి ఆయన 1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీలో ఒక శిక్షణాలయం స్థాపించాడు. దాని పేరు అవుట్‌వర్డ్ బౌండ్. రేవు విడిచి సముద్రంలోకి బయలుదేరే నౌకకు వాడే మాట అది. ఆ యువకులకు కొరవడింది కండబలం కాదు. కష్టంలో తనను తాను నమ్ముకోవడం, తోటివారి కొరకు నిలబడడం. అవి తరగతి గదిలో రావని ఆ ఇద్దరూ గ్రహించారు.

మన దేశంలోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. స్వాతంత్ర్యం తరువాత వేర్వేరు స్కౌటు సంఘాలను ఏకం చేయడానికి కృషి చేసిన పెద్దలలో, ఇంటి వద్దనే సంప్రదాయ విద్య అభ్యసించిన మన తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఒకరు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్., ఆరంభమైంది. అందులో చేరిన విద్యార్థి సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండు సంవత్సరాలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి.

ఆ గంటల లెక్కను గమనించండి. చీపురు పట్టి ఫోటో దిగడానికి రెండు నిమిషాలు చాలు. అలాంటి సేవ వలన పిల్లవాడు నేర్చేది నటన మాత్రమే. రెండు సంవత్సరాలు అదే పనికి తిరిగి తిరిగి వెళ్ళినవానికి అలసట, విసుగు, తోటివారితో కలహం, రాజీ అన్నీ ఎదురవుతాయి. ఎదుగుదల ఉండేది అక్కడే. కాబట్టి మా ఒక్క రోజు ప్రయాణంతో ఏదో అద్భుతం జరిగిందని నేను చెప్పను. తాడు పట్టిన ఆ బాలుడు మరునాటి నుండి పాఠంలో ప్రథముడయ్యాడని వ్రాస్తే అది అబద్ధమవుతుంది. అతడు ఇప్పటికీ మరిచిపోతాడు. కాని తల దించుకోవడం మానేశాడు. తప్పిన చోట ఆగి, మళ్ళీ మొదటి నుండి ఎత్తుకుంటాడు. చివర నడిచిన విద్యార్థి ఇప్పుడు అస్ర్ తరువాత ఇద్దరు చిన్నవారి పాఠం వింటున్నాడు. నేను చెప్పలేదు, అతడే అడిగాడు. మా వీధిలో నెలకు ఒక గురువారం పిల్లలు సంచులు పట్టుకుని తిరుగుతున్నారు. మొదటి నెల 22 మంది వచ్చారు, రెండవ నెల 13 మంది. ఆ 13 మంది మాత్రం నిలకడగా ఉన్నారు.

ఇక ఆడపిల్లల మాట. ఈ వ్యాసం చదువుతున్న తల్లులు అడగక ముందే మా ఇంట్లో నా కుమార్తె అడిగింది: "అబ్బా, భువనగిరి నుండి ఎవరెస్టు ఎక్కింది ఆడపిల్ల కదా, మమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్తారు?" న్యాయమైన ప్రశ్న. ఉపాధ్యాయినులు, తల్లులు కలసి, మహిళా శిక్షకుల సహాయంతో, తగిన దుస్తులతో, హద్దులు పాటిస్తూ ఇటువంటి శిబిరం ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు. ప్రథమ చికిత్స, ఈత, రోగుల సేవ, వృద్ధుల సేవ మన కుమార్తెలకు కూడా కావలసినవే. మన వీధులలో దానికి పూనుకునే చేతులే కొరవడ్డాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవానిని ఏ శిబిరానికైనా పంపే ముందు నాలుగు సంగతులు అడగండి: శిక్షకులు అర్హులేనా? ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవాడు ఉంటాడు? గాయమైతే దగ్గరి ఆసుపత్రి ఏది? పిల్లవానికి అక్కడ అప్పగించే పని ఏది? మొదటి మూడు అడగడం అందరికీ తెలుసు. నాలుగవదానికి "అతడు ఊరికే సంతోషంగా తిరుగుతాడు" అనే జవాబు వస్తే, అది విహారయాత్ర. అందులో తప్పు లేదు గాని, దానిని శిక్షణ అనుకోవద్దు.

శిబిరం దొరకనివారు ఇంటి నుండే మొదలు పెట్టవచ్చు. 15 ఏళ్ళ కొడుకుకు నానమ్మ మందుల వేళలు అప్పగించండి. వారం రోజులు మీరు గుర్తు చేయకండి. మొదటి రోజు మరిచిపోతాడేమోనని మీ గుండె కొట్టుకుంటుంది. మందుల డబ్బాను అతనికి తెలియకుండా మీరూ చూస్తూ ఉండండి. భువనగిరి మీద ఆ బాలుని వెనుక శిక్షకుడు రెండవ కొస పట్టుకుని నిలబడినది ఇలాగే. కాని ముందు కొస మాత్రం పిల్లవాని చేతిలోనే ఉండనివ్వండి.